ల్యాప్‌టాప్ ఇచ్చేశారు సరే... రుజువేదీ?

కంపెనీ ఇచ్చిన పరికరం ఎవరి దగ్గరుంది, ఎప్పుడు తిరిగొచ్చింది? ఈ లెక్క రాసే చిన్న వెబ్ అప్లికేషన్‌కు కొత్త కార్మిక చట్టాల తర్వాత విలువ పెరిగింది. ఫైనల్ ఇయర్ విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు కూడా. దాన్ని ఎలా ఆలోచించాలి? ఎక్కడ పొరపడతారు? ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

కొలువులో చేరిన మొదటి రోజు చేతికి వచ్చేవి రెండు... ఐడీ కార్డు, ల్యాప్‌టాప్. మానేసే రోజు తిరిగి ఇవ్వాల్సినవీ ఆ రెండే. మధ్యలో మానిటర్, హెడ్‌సెట్, డాంగిల్, టెస్టింగ్ ఫోన్ లాంటివి వచ్చి చేరుతుంటాయి. ఇవ్వడం తేలికే. చిక్కంతా తిరిగి తీసుకునేటప్పుడే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి నుంచే పని చేసే కుర్రాడు రాజీనామా చేశాడు. కంపెనీ చెప్పినట్టే ల్యాప్‌టాప్‌ను కొరియర్‌లో పంపాడు. ఆఫీసులో సెక్యూరిటీ వాళ్లు పెట్టె తీసుకుని సంతకం పెట్టారు. పెట్టె స్టోర్‌కి చేరింది కానీ, సిస్టమ్‌లో ఎవరూ ఎంట్రీ వేయలేదు. వారం తర్వాత హెచ్‌ఆర్ నుంచి మెయిల్... ‘మీ దగ్గర ఒక ల్యాప్‌టాప్ బాకీ ఉంది, అది వచ్చేదాకా సెటిల్‌మెంట్ ఆగుతుంది’. ‘పంపించాను సార్’ అంటే ‘సిస్టమ్‌లో చూపించట్లేదు’ అన్న జవాబు. రిలీవింగ్ లెటర్ లేక కొత్త కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర బండి ఆగింది. ఇందులో అతను చేసిన తప్పేమీ లేదు. రికార్డులో ఒక గడి ఖాళీగా ఉంది, అంతే!

ఆ గడి ఖాళీగా ఉండిపోయే వీలును ఎవరో ఒక డెవలపర్ వదిలేశాడు. రేపు ఆ డెవలపర్ స్థానంలో ఉండేది మీరే కావచ్చు. కొరియర్ పంపిన కుర్రాడి స్థానంలో ఉండేదీ మీరే కావచ్చు. అందుకే ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూడాలి.

ఇప్పుడే ఎందుకింత చర్చ?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో 2019 నాటి వేతనాల కోడ్ ఒకటి. ఉద్యోగి రాజీనామా చేసినా, కంపెనీ తొలగించినా, సంస్థ మూతపడి ఉద్యోగం పోయినా రావాల్సిన వేతనాన్ని రెండు పని దినాల్లోగా చెల్లించాలని ఈ కోడ్ చెబుతోంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ రెండు రోజుల మాట ఉంది. కానీ అది యజమాని తొలగించిన సందర్భానికే. పైగా నెలకు రూ.24 వేల లోపు వేతనం ఉన్నవారికే ఆ చట్టం వర్తించేది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామందికి దానితో పని పడలేదు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అంటే నెల, నెలన్నర అనే అలవాటు అలా స్థిరపడిపోయింది. కొత్త కోడ్‌లో ఆ వేతన పరిమితి లేదు. అయితే అప్రెంటిస్ చట్టం కింద చేరినవారు ఉద్యోగి అనే నిర్వచనంలోకి రారు. గ్రాట్యుటీ లాంటి వాటి గడువు లెక్క వేరు.

మరి ల్యాప్‌టాప్ పోతే కంపెనీ జీతంలో కోత పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ షరతులున్నాయి. ఆ వస్తువును ప్రత్యేకంగా ఉద్యోగి సంరక్షణకు అప్పగించి ఉండాలి. నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోత మొత్తం నష్టం విలువను మించకూడదు. అన్నిటికన్నా ముందు, సంజాయిషీ చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలి. అన్ని రకాల కోతలూ కలిపినా ఆ వేతన కాలానికి రావాల్సిన వేతనంలో సగం దాటకూడదు.

ఈ షరతుల్ని ఒక్కోటీ మళ్లీ చదవండి. ‘అప్పగించాం’ అనాలంటే అప్పగింత రికార్డు కావాలి. ‘నష్టం జరిగింది’ అనాలంటే ఇచ్చినప్పుడు వస్తువు ఎలా ఉందో, తిరిగొచ్చినప్పుడు ఎలా ఉందో తెలియాలి. రెండు రోజుల్లో లెక్క తేల్చాలంటే పరికరం ఎక్కడుందో ఆ క్షణంలోనే తెలియాలి. ఎక్సెల్ షీటులో ‘రవికి ఇచ్చాం, డెల్ ల్యాప్‌టాప్’ అని ఒక వరుస రాసుకుంటే ఈ మూడింట్లో ఒక్కటీ తేలదు. అటు కంపెనీకి, ఇటు ఉద్యోగికి ఈ చిన్న అప్లికేషన్ మీద అవసరం అలా పెరిగింది.

విద్యార్థికి దీంతో పనేంటి?

ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు అనగానే గుర్తొచ్చేది లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. సీనియర్ల నుంచి జూనియర్లకు, అమీర్‌పేట నుంచి హాస్టల్ గదికి అదే కోడ్ తిరుగుతుంటుంది. ‘పరికరాల అప్పు కూడా అలాంటిదే కదా, పుస్తకం స్థానంలో ల్యాప్‌టాప్ పెడితే సరి’ అనిపిస్తుంది. పైపైన చూస్తే నిజమే. లోపలికి వెళ్తేనే తేడా తెలుస్తుంది.

నియామకాల వాతావరణం కూడా మారింది. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మామూలు ఫారాలు, పట్టికలు, లాగిన్ పేజీల కోడ్ రాయించుకోవడం నిమిషాల పనైపోయింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగుల్ని తగ్గించుకుంటామని ప్రకటించింది. మరోవైపు విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకునే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు పెరుగుతున్నాయి. నాస్కామ్, జిన్నోవ్ లెక్క ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరానికి దేశంలో ఇలాంటివి 1,700కు పైగా ఉన్నాయి, వాటిలో సుమారు 19 లక్షల మంది పని చేస్తున్నారు. హైదరాబాద్ వీటికి పెద్ద కేంద్రాల్లో ఒకటి. ఈ సెంటర్లలో కంపెనీ సొంత సిబ్బంది వాడుకునే అంతర్గత అప్లికేషన్ల పని చాలా ఉంటుంది. బయటి కస్టమర్ కనపడడు, ప్రకటనలు ఉండవు. కానీ తప్పు జరిగితే పక్క సీటులో ఉన్నవాడే వచ్చి అడుగుతాడు.

కోడ్ టైపు చేసే పని చవకైపోయినప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్లు దేన్ని చూస్తారు? ‘ఏం కట్టావు’ అనే దానికన్నా ‘ఎందుకలా కట్టావు, ఇలా జరిగితే ఏమవుతుంది’ అన్న ప్రశ్నలకు మీ జవాబును చూస్తారు. ఆ ప్రశ్నలన్నీ ఈ చిన్న ప్రాజెక్టులో దొరుకుతాయి.

కీబోర్డు ముట్టుకునే ముందు...

మొదటి పని నలుగురితో మాట్లాడటం. పరికరం తీసుకునే ఉద్యోగి ఒకరు. ఇచ్చే స్టోర్ లేదా ఐటీ డెస్క్ సిబ్బంది ఇంకొకరు. అనుమతి ఇచ్చే మేనేజర్ మూడో వ్యక్తి. లెక్క అడిగే హెచ్‌ఆర్, ఫైనాన్స్ వాళ్లు నాలుగో పక్షం. చాలామంది విద్యార్థులు ఉద్యోగిని, అడ్మిన్‌ను... ఇద్దర్నే ఊహించుకుని మొదలుపెట్టేస్తారు. అప్పుడు పాపం ఆ ‘అడ్మిన్’ నెత్తి మీద అన్నీ పడతాయి. అతనే ఇస్తాడు, అతనే తీసుకుంటాడు, అతనే రికార్డు దిద్దుతాడు. తేడా వస్తే అడిగేవారుండరు.

ఒక్కొక్కరినీ అడగాల్సింది ఒకే ప్రశ్న... ‘చివరిసారి గొడవ ఎక్కడొచ్చింది?’. స్టోర్ వ్యక్తి ‘ఛార్జర్లు తిరిగి రావు’ అంటాడు. ఉద్యోగి ‘ఇచ్చేశాక కూడా మెయిల్స్ వస్తుంటాయి’ అంటాడు. మేనేజర్ ‘ఎవరి దగ్గర ఏముందో నాకు కనపడదు’ అంటాడు. ఫైనాన్స్ వాళ్లు ‘రికార్డులో వంద, స్టోర్‌లో తొంభై’ అంటారు. ఏ ఏ తెరలు కావాలో ఈ ఫిర్యాదులే చెబుతాయి. పుస్తకాల్లో రిక్వైర్‌మెంట్ అని చదువుకునేది ఇదే.

రకం వేరు, వస్తువు వేరు

డేటాబేస్ దగ్గర మొదటి పొరపాటు జరుగుతుంది. పరికరాల పట్టికలో ‘డెల్ ల్యాప్‌టాప్, సంఖ్య 40’ అని రాసి, ఒకటి ఇచ్చినప్పుడల్లా ఒకటి తగ్గిస్తుంటారు. మౌస్ ప్యాడ్లకు, బ్యాటరీలకు ఇది సరిపోతుంది. అవి తిరిగి రావు కాబట్టి ఎన్ని మిగిలాయో తెలిస్తే చాలు. ల్యాప్‌టాప్‌కు అలా కుదరదు. తిరిగొచ్చింది ఏ ల్యాప్‌టాప్? ఇచ్చినదేనా? అందుకే మోడల్‌కు ఒక పట్టిక, ఒక్కో యూనిట్‌కు ఇంకో పట్టిక ఉండాలి. యూనిట్ పట్టికలో సీరియల్ నంబరు, కంపెనీ అంటించిన ట్యాగ్ నంబరు రెండూ ఉంచాలి. ట్యాగ్ చిరిగిపోతే సీరియల్ నంబరే దిక్కు.

రెండో పొరపాటు ఇంకా సాధారణం. యూనిట్ పట్టికలోనే ‘ఎవరి దగ్గరుంది’ అని ఒక గడి పెట్టేస్తారు. కొత్తవాళ్లకి ఇచ్చినప్పుడు పాత పేరు చెరిగిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ‘జూన్‌లో ఈ ఫోన్ ఎవరి దగ్గరుంది’ అని అడిగితే చెప్పే దారే లేదు. కాబట్టి ప్రతి అప్పుకూ విడిగా ఒక వరుస ఉండాలి. ఎవరికి, ఏ యూనిట్, ఎప్పుడిచ్చారు, ఎవరిచ్చారు, గడువెప్పుడు, ఎప్పుడు తిరిగొచ్చింది, ఎవరు తీసుకున్నారు, అప్పుడు స్థితి ఏమిటి... ఇవన్నీ అందులోకి రావాలి. ఇప్పుడు ఎవరి దగ్గరుందో కావాలంటే ‘తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుస’ వెతికితే సరి. మన ఊళ్లలో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కూడా ఇంతే కదా! పాత పద్దు కొట్టేయరు, కింద కొత్త పద్దు రాస్తారు.

ఛార్జర్, బ్యాగు లాంటివి ల్యాప్‌టాప్‌తో పాటే వెళ్తాయి, ఒక్కోసారి విడిగా తిరిగొస్తాయి. వాటికి అప్పులో ఉప వరుసలు పెట్టండి. ‘ల్యాప్‌టాప్ వచ్చింది, ఛార్జర్ రాలేదు’ అని చెప్పగలగాలి. లేదంటే ఛార్జర్ కోసం మొత్తం సెటిల్‌మెంట్ ఆగుతుంది.

‘పంపాను’కి, ‘అందింది’కి మధ్య

ఈ అప్లికేషన్‌లో గుండెకాయ లాంటిది స్థితుల వరుస. ‘ఇచ్చాం’, ‘తిరిగొచ్చింది’ అని రెండే పెడితే మొదట చెప్పుకున్న కుర్రాడి కథ మళ్లీ జరుగుతుంది. నిజ జీవితంలో అడుగులు ఎక్కువ. అడిగారు, అనుమతి వచ్చింది, అప్పగించారు, ఉద్యోగి అందుకున్నానన్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఉద్యోగి పంపానన్నాడు, ఆఫీసుకు పెట్టె అందింది, తెరిచి చూశారు, ఖాతా మూసేశారు. మొత్తం 8 అడుగులు.

ఇక్కడ అసలు ప్రశ్న... ఒక్కో అడుగును ఎవరు వేయగలరు? ‘పంపాను’ అనే బటన్ ఉద్యోగి చేతిలో ఉండాలి. అది నొక్కేటప్పుడు కొరియర్ ట్రాకింగ్ నంబరు, పెట్టె ఫొటో జోడించే వీలుండాలి. నొక్కగానే తేదీ, సమయంతో అతనికి ఒక రశీదు మెయిల్ వెళ్లాలి. ఆ క్షణం నుంచి సిస్టమ్ అతన్ని ‘ఇవ్వని వ్యక్తి’గా చూపించకూడదు. ‘దారిలో ఉంది’ అని చూపించాలి. గడువు మెయిల్స్ ఆగిపోవాలి. ఇన్ని రోజుల్లో ఆఫీసు వైపు నుంచి ‘అందింది’ అని ఎవరూ నొక్కకపోతే, గుర్తు చేసే మెయిల్ వెళ్లాల్సింది స్టోర్‌కి.

గమనించారా? బటన్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారితే రుజువు చూపించాల్సిన భారం కూడా మారిపోతుంది. పాత పద్ధతిలో ఉద్యోగే తను ఇచ్చానని నిరూపించుకోవాలి. ఈ పద్ధతిలో అతని వైపు కాగితం అప్పటికే ఉంది. కంపెనీకీ ఇందులో నష్టం లేదు. ‘తెరిచి చూశారు’ అనే అడుగు దాని చేతిలోనే ఉంటుంది. పగిలిన తెర ఉంటే అక్కడ ఫొటోతో రాస్తారు. అది రాయగానే ఉద్యోగికి కబురు వెళ్లి, తన మాట రాసుకునే ఒక పెట్టె తెరుచుకోవాలి. చట్టం అడిగే సంజాయిషీ అవకాశాన్ని మీరు ఒక తెరగా మార్చినట్టే.

ఒకే సీటు ఇద్దరికి

ఆర్టీసీ బస్సులో ఒకే సీటు నంబరు ఇద్దరికి వస్తే ఎంత గొడవ! ఒకే ప్రొజెక్టర్‌ను ఒకే సమయానికి ఇద్దరు బుక్ చేసుకున్నా అంతే. విద్యార్థుల కోడ్ సాధారణంగా ఇలా నడుస్తుంది... ముందు ‘ఖాళీగా ఉందా’ అని చూడు, ఉంటే బుకింగ్ రాయి. ఒక్కరే వాడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరికీ ‘ఖాళీ’ అనే కనిపిస్తుంది. ఇద్దరూ రాసేస్తారు. దీన్నే రేస్ కండిషన్ అంటారు. డెమోలో ఎప్పుడూ కనపడదు, సోమవారం ఉదయం కనపడుతుంది.

మందు డేటాబేస్ దగ్గరే ఉంది. దీర్ఘకాలం ఇచ్చే ల్యాప్‌టాప్‌లకు ‘ఒక యూనిట్‌కు మూయని అప్పు ఒక్కటే ఉండాలి’ అనే నియమాన్ని డేటాబేస్‌లోనే పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుసలకు మాత్రమే వర్తించే యూనిక్ ఇండెక్స్ పెట్టుకోవచ్చు. గంటల లెక్కన బుక్ చేసే ప్రొజెక్టర్లు, కెమెరాలకు సమయాలు ఒకదానిపై ఒకటి పడకుండా చూడాలి. ఇందుకు పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే సదుపాయం 2010లో 9.0 వెర్షన్‌తో వచ్చింది. రేంజ్ అనే డేటా రకం 2012లో 9.2తో వచ్చింది. 2025 సెప్టెంబరులో వచ్చిన 18వ వెర్షన్‌లో కీ నిర్వచనంలోనే ‘కాలాలు కలవకూడదు’ అని రాసే వీలు కల్పించారు. మైఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ లేదు. అక్కడ ఆ యూనిట్ వరుసకు ట్రాన్సాక్షన్‌లో తాళం వేసి, చూసి, రాసి, తాళం తీయాలి.

ఇంకో చిన్న మెలిక. 10 నుంచి 12 గంటల వరకు ఒకరు, 12 నుంచి 2 వరకు ఇంకొకరు బుక్ చేశారు. 12 గంటలు ఇద్దరిదీనా? మొదలు కలుపుకోవాలి, చివర వదిలేయాలి అనే పద్ధతి పెట్టుకుంటే ఈ తగాదా ఉండదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పినా, అవతలి వ్యక్తి ‘వీళ్లు నిజంగా కట్టారు’ అనుకుంటారు.

రాత్రి రెండు గంటలకు తేదీ ఏది?

మాదాపూర్, గచ్చిబౌలిలో నైట్ షిఫ్టులు మామూలే. ఒకరు 11వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు పరికరం తిరిగి ఇచ్చారు. సర్వర్ యూటీసీ సమయంలో నడుస్తోంది. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి సర్వర్ లెక్కలో అది 10వ తేదీ రాత్రి 8.30. తేదీ మాత్రమే దాచుకుంటే ‘10న ఇచ్చారు’ అని పడిపోతుంది. ఇది ఉద్యోగికి అనుకూలంగా పడింది కాబట్టి ఎవరూ అడగరు. కానీ తీసుకునేటప్పుడూ ఇదే తప్పు జరిగితే ఒక రోజు ముందే గడువు ముగిసిపోతుంది. పూర్తి సమయాన్ని యూటీసీలో దాచండి, చూపించేటప్పుడు మన సమయంలోకి మార్చండి. గడువు అంటే ‘ఆ రోజు భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి వరకు’ అని స్పష్టంగా రాసిపెట్టుకోండి.

గుర్తు చేసే మెయిల్స్ పంపే ప్రోగ్రామ్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే, ఒకే వ్యక్తికి రెండు మెయిల్స్ వెళ్తాయి. ‘ఈ అప్పుకు, ఈ తేదీకి మెయిల్ పంపాం’ అని ఒక వరుస రాసుకుంటే రెండోసారి పంపదు. చిన్న విషయమే. కానీ రోజుకు మూడు మెయిల్స్ వస్తే జనం నాలుగోది చదవరు.

పక్కవాడి రికార్డు కనపడితే?

అంతర్గత అప్లికేషనే కదా, భద్రత ఎందుకులే అనుకోవడం పెద్ద పొరపాటు. వెబ్ చిరునామాలో ‘అప్పు 41’ అని ఉన్న చోట 42 అని మార్చి చూడండి. వేరేవారి రికార్డు తెరుచుకుందా? అయితే మీ ప్రాజెక్టు పరీక్ష తప్పినట్టే. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో విడుదల చేసిన పది ప్రధాన లోపాల జాబితాలో మొదటి స్థానం ఇలాంటి అనుమతుల లోపాలదే. బటన్‌ను తెర మీద దాచేస్తే సరిపోదు. ప్రతి అభ్యర్థన దగ్గరా సర్వర్ ‘ఈ మనిషికి ఈ రికార్డు మీద హక్కుందా’ అని చూడాలి.

ఇంకో నియమం... తన అభ్యర్థనకు తనే అనుమతి ఇచ్చుకునే వీలు ఎవరికీ ఉండకూడదు, మేనేజర్‌కు కూడా. లాగిన్ కోసం సొంత పాస్‌వర్డ్ పట్టిక పెట్టకండి. కంపెనీలో అప్పటికే ఉన్న సింగిల్ సైన్ ఆన్‌తో కలపడం మేలు. ఉద్యోగి మానేసిన రోజు అక్కడ ఖాతా ఆగితే ఇక్కడా ఆగుతుంది. అయితే ఒక జాగ్రత్త! ఖాతా ఆగిన మనిషికి తన రశీదులు మాత్రం అందుబాటులో ఉండాలి. అందుకే ప్రతి అడుగు రశీదునూ వ్యక్తిగత మెయిల్‌కు కూడా పంపే వీలు పెట్టండి.

కొరియర్ కోసం ఇంటి చిరునామా, ఫోన్ నంబరు తీసుకుంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి డేటా వాడే వెసులుబాటు చట్టంలో ఉంది. ఆ పేరుతో అవసరం లేనివన్నీ పోగేయడం మాత్రం మంచి డిజైన్ అనిపించుకోదు. ఇంటి చిరునామా స్టోర్ వ్యక్తికి పంపే రోజు కనపడితే చాలు, అందరికీ ఎప్పటికీ అక్కర్లేదు.

ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసే ఆడిట్ లాగ్ తప్పనిసరి. అందులో చేర్చడమే ఉండాలి, దిద్దడం, చెరపడం ఉండకూడదు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ ఐసీటీ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఈ సంఖ్య తెలిసి ఉంటే ‘లాగ్ ఎన్నాళ్లు ఉంచుతావు’ అన్న ప్రశ్నకు తడుముకోరు.

వస్తువు జీవితం తిరిగి ఇవ్వడంతో ముగియదు. పాతబడిన పరికరాల విషయంలో ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వెయ్యి, అంతకు మించి పరికరాలు వాడే సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన సంస్థలకే అప్పగించాలి. కాబట్టి యూనిట్ స్థితుల్లో ‘మరమ్మతు’, ‘వాడకం నుంచి తప్పించాం’, ‘రీసైక్లర్‌కు అప్పగించాం’ కూడా ఉండాలి.

అసలు కట్టాలా?

ఇంటర్వ్యూలో ఎవరైనా అడగొచ్చు... ‘ఇవన్నీ చేసే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది కదా, నువ్వెందుకు కట్టావు?’. నిజమే. స్నైప్-ఐటీ అనే ఓపెన్ సోర్స్ అప్లికేషన్ ఉంది. పీహెచ్‌పీ భాషలో లారావెల్ మీద కట్టారు, సొంత సర్వర్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. జీఎల్‌పీఐ ఉంది. పెద్ద కంపెనీలు సర్వీస్‌నౌ లాంటివి వాడతాయి. ముప్పై మంది ఉన్న ఆఫీసుకు శ్రద్ధగా నింపే స్ప్రెడ్‌షీట్, సంతకంతో ఒక రశీదు పుస్తకం సరిపోవచ్చు.

ఈ మాట ఒప్పుకోవడానికి మొహమాటపడకండి. ‘ముందు స్నైప్-ఐటీ పెట్టి చూశాను, మా ల్యాబ్‌కు గంటల వారీ బుకింగ్, కొరియర్ దశ ఇలా కావాల్సి వచ్చింది, అందుకే ఆ భాగం మాత్రం రాశాను’ అని చెప్పగలిగితే మీ విలువ పెరుగుతుంది. ఉన్నదాన్ని చూడకుండా కట్టేవాళ్లు కంపెనీకి ఖర్చు. చూసి, తేడా చెప్పి, అవసరమైనంతే కట్టేవాళ్లు కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ పట్టికలు ఎలా అమర్చారో చదవడం కూడా మంచి పాఠమే, కోడ్ అంతా బయటే ఉంది.

కాలేజీలోనే మొదలుపెట్టండి

నిజమైన వాడకందార్లు దొరకరని బాధపడక్కర్లేదు. మీ ఈసీఈ ల్యాబ్‌లో ఆర్డినో బోర్డులు, మల్టీమీటర్లు ఉంటాయి. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్, మైకులు ఉంటాయి. ఫొటోగ్రఫీ క్లబ్‌కు కెమెరా ఉంటుంది. అవి ఎవరి దగ్గరున్నాయో ల్యాబ్ అసిస్టెంట్ దగ్గరున్న పుస్తకంలో మాత్రమే ఉంటుంది. నో డ్యూ సర్టిఫికెట్ కోసం ఫైనల్ ఇయర్‌లో మీరే కౌంటర్ల చుట్టూ తిరగాలి. అంటే సమస్య మీ ఇంట్లోనే ఉంది!

ఒక ల్యాబ్‌తో, ఇరవై పరికరాలతో, ఒక సెమిస్టర్ నడపండి. ల్యాబ్ అసిస్టెంట్ సార్ పుస్తకం మానేసి మీ తెర వాడటం మొదలుపెట్టారా, లేదా అన్నదే అసలు మార్కు. వాడకపోతే ఎందుకని అడిగి రాసుకోండి. ‘చేతికి గ్లవ్స్ ఉంటాయి, అంత టైపు చేయలేను’ అంటే క్యూఆర్ కోడ్ స్కాన్ పెట్టండి. ‘నెట్ పోతే?’ అంటే దానికీ జవాబు వెతకండి. ఈ కథ మొత్తం రెజ్యూమెలో రెండు వాక్యాల్లోకి వస్తుంది. ఎన్ని పరికరాలు, ఎంతమంది, ఎన్ని నెలలు నడిచింది, ఏ తప్పు బయటపడింది, ఎలా దిద్దారు. మీ లెక్కలు చిన్నవైనా సరే, నిజమైనవే రాయండి. పెంచి రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఏఐతో కోడ్ రాయించుకున్నారా? ఫర్వాలేదు, దాచకండి. కానీ ఒక పరీక్ష మాత్రం మీరే పెట్టండి. రెండు బ్రౌజర్లు తెరిచి ఒకే పరికరాన్ని ఒకేసారి అడగండి. అంతటితో ఆగకుండా, ఒకేసారి యాభై అభ్యర్థనలు పంపే చిన్న స్క్రిప్టు రాసి చూడండి. ఒక్కటే నెగ్గాలి. చిరునామాలో నంబరు మార్చి చూడండి. అర్ధరాత్రి దాటాక తిరిగి ఇచ్చి చూడండి. పగిలిన చోట ఏం చేశారో ఒక పేజీలో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూకు ముందు చదువుకోవాల్సిన పేజీ అదే.

చివరగా మీ కోసం ఒక మాట. రేపు కొలువులో చేరినప్పుడు ల్యాప్‌టాప్ చేతికి రాగానే సీరియల్ నంబరు, గీతలు, పగుళ్లు కనపడేలా ఫొటో తీసుకోండి. అందినవన్నీ రాసి ఐటీ డెస్క్‌కు ఒక మెయిల్ పెట్టండి. తిరిగి ఇచ్చే రోజు ‘అందింది’ అనే మాట రాతలో వచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి. కొరియర్ అయితే రశీదు, ట్రాకింగ్ పేజీ దాచుకోండి. కంపెనీ అప్లికేషన్ బాగున్నా, బాగోకున్నా మీ రికార్డు మీ దగ్గరుంటుంది. ఆ అప్లికేషన్ మీరే రాసే రోజు వస్తే, కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి ఈ శ్రమ లేకుండా రాయండి.